దూరం పెరిగి, గంటలు తగ్గిన దారి

ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల మధ్య అతిచిన్న దారి, అంటే భూగోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా విభజించే మహావృత్తంలోని ఒక భాగం, సుమారు 12,400 కిలోమీటర్లు ఉంటుంది. అయితే ప్రయాణ సమయాన్ని నిర్ణయించేది దూరమొక్కటే కాదు. ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్ల మార్గంలో నడిపిన ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే సర్వీసును 2016 అక్టోబరులో తూర్పు దిశగా పసిఫిక్ మీదికి మళ్ళించినప్పుడు, దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగినా, ప్రయాణం పద్నాలుగున్నర గంటలలోనే, అంటే పాత దారికన్నా దాదాపు రెండు గంటలు తక్కువలో, ముగిసింది.

ఈ వింతకు కారణం జెట్ ప్రవాహం: ధ్రువాల వైపు చల్లని గాలికీ ఉష్ణమండలపు వెచ్చని గాలికీ గల ఉష్ణోగ్రతా భేదంవల్ల పుట్టి, భూభ్రమణ ప్రభావంతో తూర్పుకు మళ్ళి, సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, అంటే విమానాలు ఎగిరే ఎత్తులోనే, ఇరుకైన ఏరులా సాగే ఈ గాలి, తూర్పుకు పోయే విమానాన్ని ముందుకు నెట్టి, పడమరకు పోయేదానికి ఎదురుగాలి అవుతుంది. విమానం కింద భూమి తిరిగిపోవడమే ఈ తేడాకు కారణమని కొందరు భావించడం పొరపాటే, ఎందుకంటే వాతావరణం కూడా భూమితోపాటే తిరుగుతుంది. శీతాకాలంలో ఈ ప్రవాహం మరింత బలపడుతుంది కనుక, ఒకే మార్గానికి విమానసంస్థలు ప్రకటించే వేళలు ఋతువును బట్టి మారుతుంటాయి.