రెండో స్కాన్ దాకా



ఏడాది పొడవునా సంఘం చేసిన పనుల లెక్కను కార్యదర్శి గారు ఇప్పుడే మీ ముందు ఉంచారు. స్కాలర్‌షిప్పులు, కుట్టు మిషన్లు, రంజాన్ రేషన్, ఆసుపత్రి సాయం అన్నీ అందులో ఉన్నాయి. ఆ లెక్కలో సరిగా కనిపించని ఒక విషయం చెప్పుకోవడానికి ఆసుపత్రి సాయం చూసే మా బృందం ఈ కాస్త సమయం అడిగింది. మేము డాక్టర్లం కాము. మాలో ఇద్దరం బడి టీచర్లం, ఒకరు మందుల షాపు నడుపుతారు, ఒకరు రిటైరైన బస్సు కండక్టరు. రోగి వెంట వెళ్ళడం, చీటీ రాయించడం, రిపోర్టు తెచ్చుకోవడం, డాక్టరు చెప్పిన మాటను ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా మళ్ళీ చెప్పడం మా పని.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు రెండు జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి. ‘ఏమీ లేదు’ అంటే అల్‌హమ్దులిల్లాహ్ అని ఇంటికి వెళ్తాం. ‘జబ్బు ఉంది’ అంటే ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, వైద్యం మొదలుపెడతాం. మూడో జవాబు ఒకటుంది: ‘ఏదో కనిపిస్తోంది, ఏమిటో ఇప్పుడే చెప్పలేం, ఆరు నెలల తర్వాత మళ్ళీ రండి.’ మేము చూసినంతలో మనుషులు ఎక్కువగా నలిగిపోయేది ఈ మూడో జవాబు దగ్గరే. ఒకప్పుడు పొగ తాగి మానేసిన వాళ్ళ విషయంలో ఆ నలుగుడు ఇంకా ఎక్కువ.

మన నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీ సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లల్ని చదివించారో మీకు తెలుసు. మగవాళ్ళలో చాలామంది పదిహేను పదహారేళ్ళకే తాగడం మొదలుపెట్టారు. నలభై దాటాక, దగ్గు వల్లనో, మనవడు పుట్టాడనో, ఒక రంజాన్ నెలలో మనసు గట్టి చేసుకునో మానేశారు. మానడం చిన్న పని కాదు. అలాంటి మనిషికి పదేళ్ళ తర్వాత, బైకు మీంచి పడ్డాడనో, దగ్గు తగ్గడం లేదనో ఛాతీకి సీటీ స్కాన్ తీస్తారు. రిపోర్టులో ఒక వాక్యం ఉంటుంది: కుడి ఊపిరితిత్తి పైభాగంలో 7 మిల్లీమీటర్ల నాడ్యూల్. ఇంట్లో అందరికీ అది ‘క్యాన్సర్’ అనే వినిపిస్తుంది.

అందుకే మేము ముందు ఆ మాటను విడమరిచి చెబుతాం. నాడ్యూల్ అంటే ఊపిరితిత్తిలో 3 సెంటీమీటర్లకు మించని గుండ్రటి మచ్చ. పాత టీబీ మానిన చోట మిగిలిన మచ్చ కావచ్చు. ఎప్పటిదో న్యుమోనియా గుర్తు కావచ్చు, ఊపిరితిత్తి లోపలి చిన్న లింఫ్ గ్రంథి కావచ్చు. క్యాన్సర్ తొలి రూపం కూడా కావచ్చు. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇలాంటి మచ్చలు కనబడడం వింతేమీ కాదు.

అమెరికాలో పొగ ఎక్కువగా తాగేవాళ్ళు, తాగి మానేసినవాళ్ళు 53 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. దాని పేరు నేషనల్ లంగ్ స్క్రీనింగ్ ట్రయల్. అందరూ 55 నుంచి 74 ఏళ్ళ లోపువాళ్ళే. సగం మందికి తక్కువ రేడియేషన్‌తో సీటీ తీశారు. ఆ స్కాన్లలో నూటికి 24 అనుమానంగా వచ్చాయి. అలా అనుమానంగా వచ్చినవాటిలో 96 శాతం క్యాన్సర్ కాదని తర్వాత తేలింది. అదే అధ్యయనంలో, సీటీ తీసినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు, మామూలు ఎక్స్‌రే తీసినవాళ్ళ కంటే 20 శాతం తగ్గాయి. ఈ రెండు సంగతులనూ కలిపే చెప్పుకోవాలి. మొదటిది విని ధైర్యం తెచ్చుకోవాలి. రెండోది విని, మళ్ళీ రమ్మన్న తేదీని తప్పక పాటించాలి.

‘అనుమానం ఉంటే ఇప్పుడే ముక్క తీసి చూడొచ్చుగా, ఆరు నెలలు ఎందుకు?’ అని అందరూ అడుగుతారు. మేమూ డాక్టర్లను అడిగాం. పెసరగింజంత మచ్చకు సూది తగిలించడం కష్టం. ఆ ప్రయత్నంలో ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికి రావచ్చు. పెట్ స్కాన్ కూడా ఇంత చిన్న మచ్చ గురించి నమ్మకంగా చెప్పలేదు, పైగా టీబీ మచ్చ కూడా అందులో వెలిగి కనబడవచ్చు. అందుచేత మచ్చ పెరుగుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష అవుతుంది.

దీన్ని మేము లెక్కల పాఠంలా చెబుతాం. 6 మిల్లీమీటర్ల గోళం ఏడున్నర మిల్లీమీటర్లు అయిందంటే అడ్డంగా చూస్తే పెరిగింది ఒకటిన్నర మిల్లీమీటరే. కానీ లోపలి పరిమాణం దాదాపు రెట్టింపయినట్టు. గట్టిగా ఉండే క్యాన్సర్ మచ్చ అలా రెట్టింపు కావడానికి సాధారణంగా నెల నుంచి 400 రోజుల దాకా పడుతుంది. వారానికోసారి స్కాన్ తీస్తే తేడా తెలియదు, రేడియేషన్ మాత్రం ఒంట్లోకి పోతుంది. అందుకే ఫ్లైష్నర్ సొసైటీ అనే వైద్య నిపుణుల సంఘం 2017లో ఇచ్చిన సూచనల ప్రకారం, పొగ తాగిన చరిత్ర ఉన్న మనిషికి 6 నుంచి 8 మిల్లీమీటర్ల గట్టి మచ్చ ఒకటి కనబడితే 6 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, 18 నుంచి 24 నెలల మధ్య ఇంకోసారి సీటీ తీయాలి. 8 మిల్లీమీటర్లు దాటితే అంతసేపు ఆగరు. మూడు నెలలకే మళ్ళీ స్కాన్, లేదా పెట్ స్కాన్, లేదా ముక్క పరీక్ష అంటారు. గట్టి మచ్చ రెండేళ్ళపాటు కదలకుండా ఉంటే దాదాపుగా భయం తీరినట్టే. మసకగా పొగమంచులా కనిపించే మచ్చలను మాత్రం ఇంకా ఎక్కువ కాలం, ఐదేళ్ళ దాకా కూడా చూస్తారు. ఎవరికి ఏది అన్నది వాళ్ళ డాక్టరే చెప్పాలి. మేము చెప్పేదల్లా ఒక్కటే: ‘ఆగండి’ అంటే డాక్టరు వదిలేశాడని అర్థం కాదు, పరీక్ష నడుస్తోందని అర్థం.

ఇక ఆ ఆరు నెలలు మనిషి ఎలా బతకాలి? మేము రెండు రకాల వాళ్ళను చూశాం. కొందరు ఈ ఊరు, ఆ ఊరు తిరిగి, నెల తిరక్కుండానే రెండో స్కాన్, మూడో స్కాన్ తీయించుకుని అప్పుల పాలవుతారు. మరికొందరు అసలు వెళ్ళరు. ఒక చాచా రిపోర్టును బీరువాలో రేషన్ కార్డు కింద దాచేశారు. భార్యకు కూడా చెప్పలేదు. ‘చెబితే ఏమంటారు? బీడీలు తాగావు, అనుభవించు అంటారు’ అన్నారు మాతో. ఇంకొకరైతే, ఎలాగూ పోయేదే కదా అని ఏడేళ్ళ క్రితం మానేసిన బీడీ మళ్ళీ ముట్టించారు.

పొగ మానేసినవాళ్ళకు ఉండే ప్రత్యేకమైన బాధ ఇదే. వేరే జబ్బు వచ్చినవాళ్ళను చూసి లోకం అయ్యో అంటుంది. వీళ్ళను మాత్రం నిలదీస్తుంది. ఆ సిగ్గుతో డాక్టరు దగ్గర కూడా లెక్క తగ్గించి చెబుతారు. డాక్టరుకు కావలసింది నిజమైన లెక్క: రోజుకు ఎన్ని, ఎన్నేళ్ళు, మానేసి ఎన్నేళ్ళయింది. మచ్చను ఎంత జాగ్రత్తగా చూడాలో ఆ లెక్కను బట్టే తేలుతుంది. మానేసినందుకు ఫలితం లేకుండా పోదు. మానేసిన పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే భయంతో కుంగిపోనక్కర లేదు, తేలిగ్గానూ తీసుకోకూడదు.

మా బృందంలోని కండక్టర్ భాయ్‌కే గత ఏడాది ఇలాంటి రిపోర్టు వచ్చింది. ఆయన అనుమతితోనే చెబుతున్నాం. ఇరవై ఏళ్ళు బీడీ తాగి, పన్నెండేళ్ళ క్రితం మానేసిన మనిషి. 7 మిల్లీమీటర్ల మచ్చ. ఇన్నాళ్ళూ ఇతరులకు చెప్పినవన్నీ అప్పుడు మాకు మేమే చెప్పుకోవలసి వచ్చింది. పగలు పనిలో పడితే గడిచిపోయేది, రాత్రిళ్ళే కష్టంగా ఉండేది. కాస్త దగ్గు వచ్చినా మచ్చ పెరిగిందేమో అనిపించేది. అప్పుడు మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. అవి ఇప్పుడు మా దగ్గరికి వచ్చే అందరికీ చెబుతున్నాం.

రెండో స్కాన్ తేదీని క్యాలెండరులో రాసుకోవాలి. దాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత ఇంట్లో ఇంకొకరికీ అప్పగించాలి. మొదటి స్కాన్ ఫిల్ములు, సీడీ, రిపోర్టు ఒక కవరులో భద్రం చేయాలి. పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే కొత్త బొమ్మకు విలువ. వీలైతే అదే సెంటర్లో తీయించాలి. ఇంట్లో ఒక్కరికైనా నిజం చెప్పాలి. డాక్టరును అడగవలసినవి కాగితం మీద రాసుకోవాలి: మచ్చ ఎంత, గట్టిదా మసకదా, మళ్ళీ ఎప్పుడు, ఈలోగా ఏం జరిగితే ముందే రావాలి? దగ్గులో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, గొంతు బొంగురు పోయి తగ్గకపోయినా ఆ తేదీ కోసం ఆగకుండా వెళ్ళాలి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష ఎలాగూ చేయించాలి. ఇవన్నీ చేశాక మిగిలినదానికి దువా, సబర్. చేయవలసింది చేసి ఎదురుచూడడమే సబర్ అని పెద్దలు మనకు నేర్పింది.

కండక్టర్ భాయ్ రెండో స్కాన్ అయింది. మచ్చ 7 మిల్లీమీటర్లే ఉంది, మారలేదు. డాక్టరు సంతోషించి, మూడో స్కాన్ వచ్చే ఏడాది అన్నారు. అంటే మాకు ఇంకా పూర్తి జవాబు రాలేదు. కానీ మొదటి ఆరు నెలల్లా లేదు ఇప్పుడు. ఎదురుచూడడం కాస్త అలవాటైంది.

ఇప్పుడు దాతలతో ఒక మాట. ఆపరేషన్ అంటే మీరు ముందుకొస్తారు. కీమోథెరపీ అంటే అడగకముందే కవరు చేతిలో పెట్టినవాళ్ళున్నారు. అల్లాహ్ మీకు మేలు చేయాలి. రెండో స్కాన్ కోసం అడిగితే మాత్రం, ‘మొదటిది తీశారు కదా, జబ్బేమీ తేలలేదు కదా’ అంటారు. ఆ మాట సహజమే. డబ్బు పెట్టి తెచ్చుకునేది ‘మార్పు లేదు’ అన్న ఒక్క వాక్యమే కావచ్చు. ఆ వాక్యం ఒక ఇంటికి నిద్రనిస్తుంది. ఒకవేళ మచ్చ పెరిగిందని తేలితే, ఆపరేషన్‌తో తీసేయగలిగిన దశలోనే దొరికే అవకాశం ఎక్కువ. కూలీ పని చేసే మనిషి ఒంట్లో బాధ లేనప్పుడు ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, స్కాన్ ఫీజు కట్టి తనంతట తాను వెళ్ళడు. ఎవరో ఒకరు వెంటపడి తీసుకెళ్ళాలి.

కనుక ఆసుపత్రి నిధిలో కొంత భాగాన్ని రెండో స్కాన్, మూడో స్కాన్ కోసమే విడిగా ఉంచాలని మేము కోరుతున్నాం. అందులో స్కాన్ ఫీజు, రోగికీ వెంట వెళ్ళేవాళ్ళకీ చార్జీలు, ఆ రోజు కూలి చేరాలి. తేదీలు రాసుకునే రిజిస్టరు మా దగ్గర ఉంటుంది. మీ కారో, మీ సమయమో ఇవ్వగలిగితే అదీ సాయమే. ఒక రోజు హైదరాబాద్ దాకా తోడు వెళ్ళే మనిషి మాకు ఎప్పుడూ కావాలి.

ఇంకొకటి డబ్బుతో పని లేనిది. ఎవరికైనా స్కాన్‌లో మచ్చ వచ్చిందని తెలిస్తే దయచేసి ఆ మాట బజారులో పెట్టకండి. ‘ఆ ఇంట్లో క్యాన్సరట’ అనే పుకారు ఆడపిల్లల సంబంధాల దాకా పోతుంది. రిపోర్టును బీరువాలో దాచుకునేది ఆ భయంతోనే. అందుకే మా రిజిస్టరును ఎవరికీ చూపించం, సంచికలో పేర్లూ వేయం. ‘తాగావు కాబట్టి’ అనే మాట నోటి దాకా వచ్చినా మింగేసి, ‘ఎప్పుడు వెళ్ళాలి, నేనూ వస్తా’ అనండి. ఈ రిజిస్టరులో వచ్చే మూడు నెలల్లో స్కాన్ తేదీలు ఉన్నవాళ్ళు కొందరున్నారు. వెంట రాగలిగినవాళ్ళు సభ అయ్యాక తలుపు దగ్గర మాకు మీ పేరు ఇచ్చి వెళ్ళండి.