మానవ విద్యల సమన్వయము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కళాశాల మెట్లెక్కని వానిని కళాశాల చదువును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. గ్రామ లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఈ గ్రంథాలయమున భారత భాగవతములు, కావ్యములు, వ్యాఖ్యానములు చదువుకొనుట నా వ్యసనము. ఈ రెంటివలన అలవడిన తెలివితోనే నాలుగు మాటలు విన్నవింతును.

సాహిత్యము, చరిత్ర, తత్త్వశాస్త్రము, కళలు మున్నగువానిని విడివిడిగా గాక ఒక్క పట్టమునకై కలిపి చదువు మార్గమొకటి కలదు. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఇట్టి బహుశాస్త్ర విద్యను ప్రోత్సహించుచు, బాణభట్టుని కాదంబరిని సైతము స్మరించినది. ఇంటరు ముగించిన మన పిల్లలు కొందరు ఈ మార్గమును గూర్చి అడుగుచున్నారు. తల్లిదండ్రులకు మాత్రము రెండు సందేహములు. ఇది కూడు పెట్టునా? అన్నియు కొంచెము కొంచెము చదివి పిల్లవాడు రెంటికి చెడిన రేవడి కాడా? ఇవి త్రోసిపుచ్చదగిన సందేహములు కావు.

అసలు కలిపి చదువుట ఎందులకు? 1053వ సంవత్సరమున రాజరాజ నరేంద్రుడు నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు అగ్రహారముగా ఇచ్చెను. ఆ తామ్రశాసనమును రచించినవాడు నన్నయభట్టు. భారత రచనయందు నన్నయకు తోడ్పడినవాడు ఆ నారాయణభట్టే. ఈ శాసనము ఎవరి సొత్తు? కవిత్వము చూచి సాహిత్యవేత్త తనదనును. రాజవంశము చూచి చరిత్రకారుడు తనదనును. దానవిధి చూచి ధర్మశాస్త్రజ్ఞుడు తనదనును. భూమి మాట వచ్చినది గనుక నావంటి లెక్కలవాడును చేయి చాచును. అయినను ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్కయే చిక్కును. ఊరి పంటలో రాజునకు చెందవలసిన భాగము పండితునకు చేరినప్పుడు, ఆ ఊరి రైతు బ్రతుకు ఎట్లుండెను? ఆ పంటపై ఎట్టి కావ్యము వర్ధిల్లెను? ఈ ప్రశ్న ఏ ఒక్క శాస్త్రపు హద్దులోను ఇమడదు. గట్లు లెక్కకొరకు వేసినవి. వాన గట్టు చూచి కురియదు.

ఈ సంగతిని అన్యదేశముల విద్యాలయములును గుర్తించినవి. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున ‘లిటరే హ్యుమానియోరెస్’ అను నాలుగేండ్ల చదువు కలదు. మొదటి ఐదు టర్ములును ప్రధానముగా ప్రాచీన భాషా సాహిత్యములకు, తక్కిన ఏడు టర్ములును తత్త్వము, ప్రాచీన చరిత్ర మున్నగువానికి కేటాయించిరి. అమెరికాలో కొలంబియా కళాశాలవారు మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన మరుసటి యేట, అనగా 1919లో, ‘సమకాలీన నాగరికత’ అను పాఠ్యక్రమమును నెలకొల్పిరి. 1937లో హోమరుని ఇలియడ్ మొదలుగా మహాగ్రంథములను చదివించు పాఠ్యక్రమమును చేర్చిరి. విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థియు ఈ రెంటిని తప్పించుకొనరాదు. చిన్న తరగతులలో గ్రంథమును ముందుంచుకొని చర్చించుట అచటి పద్ధతి.

ఇక రేవడి సంగతి. ఆ కొలంబియాలోనే, ఈ పాఠ్యక్రమములు పుట్టకమునుపే, 1913లో బరోడా విద్యార్థివేతనముతో మన డాక్టరు అంబేద్కరు చేరెను. నేను లెక్కలవాడను గనుక లెక్కయే చెప్పుదును. ఆయన తీసికొన్న పాఠ్యక్రమములు అర్థశాస్త్రమున 29, చరిత్రలో 11, సమాజశాస్త్రమున 6, తత్త్వశాస్త్రమున 5, మానవశాస్త్రమున 4, రాజనీతిలో 3. 1916 మే 9వ తేదీన మానవశాస్త్ర గోష్ఠిలో ఆయన చదివిన వ్యాసము భారతదేశమందలి కులముల పుట్టుకను గూర్చినది. అర్థశాస్త్రము మానవ విద్యల కోవలోనిది కాదందురేమో! నేను చూపదలచినది కూర్పును మాత్రమే. బోదె యొక్కటి, కొమ్మలు పెక్కు. ఆ కొమ్మలన్నిటికి నీరందించిన వేరు, ఆయనను చిన్ననాటనుండి బాధించిన ఒక్క ప్రశ్న.

మన మెదకు సీమలోని కొలచారము పేర ప్రసిద్ధికెక్కిన మల్లినాథసూరి చేసిన పనియు నిట్టిదే. కాళిదాసుని శ్లోకమొకటి ముందుంచుకొని వ్యాకరణమును, నిఘంటువును, అలంకారమును, ధర్మశాస్త్రమును, నీతిశాస్త్రమును పిలిచి సాక్ష్యమడుగును. సాక్షులు పెక్కురు, వ్యాజ్యమొక్కటే. శ్లోకము చేతలేక సాక్షులను మాత్రము పోగుచేసిన అది సంత యగును గాని న్యాయస్థానము కాదు.

కావున ఈ చదువు కోరు పిల్లలకు మూడు నియమములు చెప్పుదును. ఒక భాషను కూలంకషముగా నేర్వుడు. ఒక ప్రశ్నను పట్టుకొని, అది పిలిచిన శాస్త్రమునే పిలువుడు. మూలగ్రంథమును చదువక సంగ్రహములతో తృప్తి పడకుడు. ఈ మూడును లేనిచోట తల్లిదండ్రుల భయమే నిజమగును.

కూటి సంగతియు దాచను. ఈ పట్టము చేతికి వచ్చిననాడే ఉద్యోగము ఇంటి తలుపు తట్టునని నేను చెప్పజాలను. ఉపాధ్యాయత్వము, న్యాయవాదము, పత్రికారచన, ప్రభుత్వోద్యోగ పరీక్షలు, అనువాదము ఈ చదువునకు దగ్గరి దారులు. ఆ దారులలో నడుచుటకును మరల శిక్షణయో, పరీక్షయో, సాధనయో కావలెను. ఇంటిలో అప్పు గలవారు ఈ వ్యవధిని ముందే లెక్కగట్టుకొని దిగవలెను. అయితే వ్రాసిన దానిని సరిగా చదువుట, చెప్పిన దానిలోని లొసుగు పట్టుట, ఎదుటివాని స్థానమున నిలిచి ఆలోచించుట — ఇవి ఏ ఉద్యోగమునకు దండుగ? చదువరాని దస్తావేజుపై వ్రేలిముద్ర వేసి నేల పోగొట్టుకొన్నవారిని లెక్కల పనిలో నేను చూచితిని. భాషయు, చరిత్రయు, ధర్మమును తెలియుట పేదవానికి విలాసము కాదు, రక్షణ.

గ్రంథాలయమువారికి ఒక మనవి. మన బీరువాలలో సాహిత్యమొకచోట, చరిత్ర వేరొకచోట, ధర్మశాస్త్రము మరియొకచోట నున్నవి. అది పుస్తకము వెదకికొనుటకు అవసరమే. కాని నెలకొక ప్రశ్నను ఎన్నుకొని, దానికి సంబంధించిన పుస్తకములను అన్ని బీరువాలనుండియు తీసి ఒక బల్లపై నుంచుడు. మన ఊరి చెరువు ఎవరిది, ఎవరు త్రవ్వించిరి, నీరు ఎవరికి ఏ వరుసను పారెను అను ప్రశ్నతో ఆరంభింపవచ్చును. కళాశాలకు పోవువారికి అది తొలిపాఠమగును. పోలేనివారికి అదియే కళాశాల యగును.