అరిగిన మీటలు

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ నాలుగు మంచి మాటలు చెప్పారు. వాటికి నాకేమీ అభ్యంతరం లేదు. ఐదోదానికే ఉంది. "టైపు చేసేవాళ్ల వేగం తగ్గించడానికే కీబోర్డు మీద అక్షరాలు కలగాపులగం చేశారని మనందరికీ తెలుసు" అన్నారు. మాస్టారూ, ఏమీ అనుకోకండి. మనందరికీ తెలిసిన సంగతుల్లో సగం ఇలాంటివే ఉంటాయి.

తైపేలో ఏటా జరిగే కంప్యూటెక్స్ ప్రదర్శనకు వెళ్లొచ్చానని, అక్కడి కొత్త మెకానికల్ కీబోర్డుల సంగతులు చెప్పమని నన్ను పిలిచారు. చెప్తాను. ముందు ఈ తగువు తేలనివ్వండి.

క్రిస్టఫర్ షోల్స్ అమెరికాలో మిల్వాకీ మనిషి. 1868లో ఆయన పేటెంటు తీసుకున్న యంత్రానికి పియానో మీటల్లాంటి మీటలు ఉండేవి, అక్షరాలు ఇంచుమించు ఏ, బీ, సీ, డీల వరసలోనే ఉండేవి. మారుతూ మారుతూ 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టేనాటికి దాదాపు ఇప్పటి రూపానికొచ్చింది. లోపలి అచ్చుకడ్డీలు ఒకదానికొకటి తగులుకోకుండా జంట అక్షరాలను విడదీశారని ఒక వాదం ఉంది. సరే, ఒప్పుకుందాం. మరి ఇంగ్లీషులో అడుగడుగునా కలిసి వచ్చే ఈ, ఆర్ అక్షరాలు పక్కపక్కనే ఎందుకు కూర్చున్నాయి? క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు 2011లో ఇంకో వాదం తెచ్చారు. తొలిరోజుల్లో ఆ యంత్రం వాడిన టెలిగ్రాఫ్ ఆపరేటర్లు మోర్స్ సంకేతాలు వింటూ రాసుకోవడానికి వీలుగా అక్షరాలు జరిగాయన్నారు. అదీ అందరూ ఒప్పుకున్నది కాదు. పైగా పదివేళ్లతో, మీటల వైపు చూడకుండా టైపు చెయ్యడానికి పేరొచ్చింది 1888లో, సిన్సినాటి పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే స్టెనోగ్రాఫర్ గెలిచాక. అంటే షోల్స్ కాలానికి ఆ వేగమే లేదు. లేని వేగాన్ని ఎవరు తగ్గిస్తారండీ?

సరే. ఇంకో అపోహ. ఇది మన కుర్రాళ్లది. మెకానికల్ కీబోర్డంటే ఆటలాడుకునే పిల్లలకోసం మొన్నమొన్న పుట్టిన రంగుదీపాల వస్తువని వాళ్ల నమ్మకం. ఈ హాల్లో యాభై దాటినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఇంతమందా! మీలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్, సెమికోలన్ ఎల్ కే జే హెచ్ జే. చూశారా, వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. లోయర్ పాసై, హయ్యర్ కట్టి, సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన వేళ్లవి. ఆ తరవాత మీరో, మీ వాళ్లో బ్యాంకుల్లో, ఆఫీసుల్లో కూర్చున్నారు. అక్కడ మీ చేతికొచ్చినది చాలాచోట్ల చెన్నై టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల గోల్డ్ కీబోర్డు. దాని లోపల చాలాకాలం ఉన్నవి జర్మనీ చెర్రీ కంపెనీ నీలం స్విచ్‌లు. రిజర్వేషన్ కౌంటర్లో మీ పేరు, వయసు కొడుతున్నప్పుడు టకటకమని వినపడేది చూడండి, ఆ చప్పుడు ఆ స్విచ్‌దే. ఇప్పుడు మీ మనవడు వేలకు వేలు పోసి తెప్పించుకుని, వీడియో తీసి స్నేహితులకు పంపుతున్నదీ ఆ చప్పుడే. వాడికి చెప్పండి, మీరు జీతం తీసుకుంటూ విన్నారని.

ఆ టక్కు గురించి ఒక్క ముక్క. మీట పూర్తిగా దిగేది నాలుగు మిల్లీమీటర్లు, అక్షరం పడేది ఇంచుమించు రెండో మిల్లీమీటరు దగ్గర. నీలం స్విచ్‌లో ఒక చిన్న ముక్క జారి, "పడింది, ఇక వదిలెయ్" అని చెప్తుంది. దానికి యాభై అరవై గ్రాముల బరువు చాలు. గోద్రెజ్ టైపురైటర్ మీద నేర్చుకున్న మన పెద్దలు మాత్రం దాన్ని అడుగంటా దంచుతారు. ఎరుపు స్విచ్‌కి ఆ టక్కు ఉండదు, అయినా అదీ మెకానికలే. చప్పుడు చేసేదల్లా మెకానికల్ కాదు. మన ఊళ్లో ఒక దుకాణంలో, పేరెందుకు గానీ, రబ్బరు పొర కీబోర్డు పెట్టె మీద "మెకానికల్ ఫీల్" అని రాసి నాకే అమ్మబోయారు. నాకు!

ఇక తైపే. కంప్యూటెక్స్ 1981 నుంచీ జరుగుతోంది. స్టాళ్లలో కీబోర్డులు వరసగా పరిచి ఉంటాయి. అల్యూమినియం ఒళ్లు, చెక్క ఒళ్లు, లోపల సిలికాన్ పరుపులు, మూలన వేలెడంత తెర. వచ్చినవాళ్లు ఏం చేస్తారనుకున్నారు? ఒక వాక్యం టైపు చేసి చూసేవాడు అరుదు. అందరూ స్పేస్‌బార్ మీద రెండు దరువులేసి, చెవి దగ్గరపెట్టి, తలూపి వెళ్లిపోతారు. ఇంత పెద్ద ప్రదర్శన, రాసే పరికరాల స్టాళ్లు, రాసేవాడు లేడు.

మీటల పైతొడుగులు, అదే కీక్యాపులు, మాత్రం చూడాలి. జపాన్ కనా అక్షరాలు, కొరియా అక్షరాలు, రష్యన్ అక్షరాలు. తైవాన్‌లోనే డక్కీ అని ఒక కంపెనీ, చైనావాళ్ల ఎలుక సంవత్సరం, పంది సంవత్సరం అంటూ ఏడాదికో ప్రత్యేక కీబోర్డు తెచ్చింది. నేను తిరిగిన స్టాళ్లలో తెలుగు కనపడలేదు. అడిగితే ఒక కుర్రాడు మర్యాదగానే, మీ అక్షరాలు చాలా ఎక్కువట కదా, పట్టవు కదా అన్నాడు. అతణ్నేం అంటాం. మనవాళ్లే పత్రికల్లో అలా రాసుకుంటుంటే! యాభయ్యారు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఇన్ని కీబోర్డులో ఎలా ఇముడుతాయని ఇప్పటికీ వాపోయేవాళ్లున్నారు.

దీనిమీద మీకో కీబోర్డు కథ చెప్పాలి. అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు, చూసుకోనివ్వండి.

టెక్కలి వైపు ఒక పెద్దాయన, రెవెన్యూలో గుమస్తాగా చేసి రిటైరయినాయన, నా దగ్గరకు తన కీబోర్డు తెచ్చారు. "బాబూ, అక్షరాలు చెరిగిపోనాయి, మార్చగలవేటి?" అన్నారు. అన్నీ చెరగలేదు. చిత్రంగా ఎడమచేతి వైపు మధ్య వరస మాత్రం అద్దంలా మెరుస్తోంది. డీ మీద అక్షరం ఆనవాలే లేదు. దాని పక్కన ఎఫ్, జీ, పై వరసలో ఈ అరిగిపోయాయి. నేను చూడగానే అడిగాను, "మీరు ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొడతారు కదూ?" అని. ఆయన నా వైపు జాతకం చెప్పినవాణ్ని చూసినట్టు చూశారు.

జాతకం కాదు. ఇన్‌స్క్రిప్ట్ మన ప్రభుత్వం 1980ల్లో తయారుచేయించిన అమరిక. 1991లో ఐఎస్ 13194 అనే జాతీయ ప్రమాణంలోకి ఎక్కింది. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. డీ మీట మీద ఉన్నది పొల్లు. తెలుగులో ఏ ఒత్తు రావాలన్నా అది కొట్టాల్సిందే. షిఫ్టు పట్టుకుని అదే మీట కొడితే అ. అంటే అమ్మ, అక్క, అన్న, ఎవర్ని పిలిచినా ఆ మీటకు రెండేసి దెబ్బలు. జీ మీద కొమ్ము. ఊరు, పేరు, ఇల్లు, నేను, మీరు, మన మాటల్లో ఎన్ని కొమ్ముతో ముగుస్తాయో మీరే చూసుకోండి. ఎఫ్ మీద గుడి, ఈ మీద దీర్ఘం. ఇంగ్లీషు కొట్టేవాడి కీబోర్డు ఇలా అరగదు. ఆయన మనవడి కీబోర్డు కూడా తెప్పించి చూశాను. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ అనే నాలుగే అరిగాయి. అది ఆటలో బొమ్మను పరిగెత్తించే చెయ్యి. ఒకే ఇంట్లో, రెండు కీబోర్డుల మీదా డీ అరిగింది, వేరువేరు కారణాలకి. మీరు నవ్వుతున్నారు గానీ, నాకు ఆ పూట భోజనం కూడా గుర్తులేదు.

ఇప్పుడు పట్టవన్నవాళ్లకు లెక్క చెప్తాను, రాసుకోండి. విజయనగరం. వ, గుడి, జ, య, న, గ, ర, సున్నా. ఎనిమిది దెబ్బలు, షిఫ్టు ఒక్కసారి కూడా అక్కర్లేదు. ఇంగ్లీషులో రైల్వేస్టేషను బోర్డు మీద ఉన్నట్టు కొట్టండి, పన్నెండు. ఏటి, శ్రీకాకుళం వాళ్లు గొణుగుతున్నారు? మీదీ లెక్కేశాను. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. పది. ఇంగ్లీషులోనూ పదే, మనకు షిఫ్టు రెండుసార్లు అదనం. నష్టమేమీ లేదు, ఊరుకోండి. ఇంకోటి. ఈ అమరిక భారతీయ లిపులు చాలావాటికి ఒకటే. క ఉన్నచోటే ఒడియా క, హిందీ క. పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళ్లి ఒడియా కొట్టాలన్నా అవే వేళ్లు పనికొస్తాయి. విండోస్‌లో, లినక్స్‌లో ఇది ఎప్పటినుంచో ఉచితంగా ఉంది. మీ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు, ఆపిల్ అమరిక అలవాటైపోయాయి, నాకు తెలుసు, ఆ వేళ్లను మార్చమని నేననను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని వాడేవాళ్లతోనూ నాకు పేచీ లేదు. అక్షరాలు పట్టవనేవాళ్లతోనే పేచీ.

మీట పైముఖం చిన్నదే. మీటకూ మీటకూ మధ్య దూరం 19 మిల్లీమీటర్లు, పైన రాసే చోటు ఇంకా తక్కువ. ఇంగ్లీషు అక్షరం, క, పైన ఖ, మూడూ ఎక్కించాలి. ఇంగ్లీషును మీట ముందరి వాలు మీదకు దించెయ్యొచ్చు, అలాంటి క్యాపులు తైపేలో కావలసినన్ని. ఇందులో అడ్డంకి లిపిది కాదు, అచ్చుదిమ్మెల ఖర్చుది. డబుల్‌షాట్ అనే పద్ధతిలో బూరెలో పూర్ణంలా ఒక రంగు ప్లాస్టిక్‌లో ఇంకో రంగు పోస్తారు, అక్షరం క్యాపు మందమంతా ఉంటుంది కాబట్టి జన్మలో చెరగదు. కానీ ప్రతి అక్షరానికీ వేరే దిమ్మె కావాలి. సబ్లిమేషన్‌కి ఆ గొడవ లేదు. వేడిచేసి రంగును ప్లాస్టిక్‌లోకి ఇంకిస్తారు, ఏ లిపైనా సరే, ఒక్క సెట్టయినా సరే. పెద్దాయనకి నేను అలాగే చేయించి ఇచ్చాను. పొల్లు గుర్తు కాస్త పెద్దదిగా వెయ్యమన్నారు, వేశాం.

చీటీ వచ్చింది. ఐదు నిమిషాలట. బేగి చెప్పేస్తాను.

క్యాపు కొనేటప్పుడు ప్లాస్టిక్ ఏబీఎస్సా పీబీటీయా అని అడగండి. ఏబీఎస్ వేలి జిడ్డుకి తొందరగా మెరుపెక్కుతుంది, పీబీటీ చాలాకాలం గరుకుగా ఉంటుంది. పీబీటీ చల్లారేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది, అందుకే పొడుగాటి స్పేస్‌బార్ వంకరపోయిందేమో చూసుకోండి.

పది కోట్ల నొక్కుళ్లు అని పెట్టె మీద రాస్తారు. ఒకే మీటను రోజుకు పదివేలసార్లు కొట్టినా అది ఇరవయ్యేడేళ్లు. మీ స్విచ్ నొక్కుళ్లతో చావదు. భీమిలి నుంచి కళింగపట్నం దాకా ఉన్న ఉప్పుగాలితో, చీమలతో, చిందిన పానకంతో చస్తుంది. దుప్పటి కప్పండి.

అయస్కాంతం స్విచ్‌లు, హాల్ ఎఫెక్ట్, ఇప్పుడు ప్రతి స్టాల్లోనూ అదే జపం. ఎడ్విన్ హాల్ ఆ ప్రభావం కనిపెట్టింది 1879లో, హనీవెల్ కంపెనీ దాంతో కీబోర్డు చేసింది 1960ల చివర్లో. కొత్తగా వచ్చిందల్లా మీట కాస్త లేవగానే మళ్లీ కొట్టొచ్చన్న సదుపాయం. ఆటకు మంచిదే. దస్తావేజు రాయడానికి అక్కర్లేదు.

ధరలెందుకు తగ్గాయంటే, 2010ల మధ్యకి చెర్రీ పేటెంటు గడువు తీరిపోయింది. గేటరాన్, కైల్ లాంటి చైనా కంపెనీలు అదే అచ్చు స్విచ్‌లు తెచ్చాయి. నకలు అని ముఖం చిట్లించకండి, కొన్ని అసలుకంటే నున్నగా ఉన్నాయి.

ఇత్తడి. అయ్యో, ఇది తీరిగ్గా చెప్పాలనుకున్నాను. ఖరీదైన కీబోర్డుల అడుగున బరువుకోసం ఇత్తడి దిమ్మె పెడతారు, స్విచ్‌లు బిగించే పలకా ఇత్తడిదే చేస్తారు. ఇత్తడి అల్యూమినియంకంటే మూడింతలు బరువు. దానికి విదేశాల్లో జనం మురిసిపోయి డబ్బిస్తున్నారు. మన శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పోతపోసే ఇళ్లున్నాయి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పని. ఏటికొప్పాక లక్క పని చెక్కతో క్యాపులు చెయ్యొచ్చు. ఎవరైనా ఇంజినీరింగ్ పిల్లలుంటే సభ అయ్యాక నన్ను కలవండి, కొలతలు నేనిస్తాను. స్విచ్ పిడి ప్లస్ ఆకారంలో ఉంటుంది, అక్కడ తేడా వస్తే క్యాపు పగులుతుంది, అంతే చూసుకోవాలి.

డ్వోరాక్ అమరిక గురించి ఎవరో అడిగారు. 1936 పేటెంటు, ఎడమచేతికి అచ్చులు, మన ఇన్‌స్క్రిప్ట్‌లాగే. అది బ్రహ్మాండమైన వేగం ఇస్తుందని తేల్చిన 1944 నౌకాదళం పరీక్షలో డ్వోరాక్ గారి చెయ్యే ఉంది. 1956లో వేరేవాళ్లు పరీక్షిస్తే లాభం తేలలేదు. ఇంకేమన్నా ఉంటే బయట మాట్లాడుకుందాం.

బల్ల మీద మూడు కీబోర్డులు పెట్టాను. ఎడమ చివరది నీలం, మధ్యది ఎరుపు, మూడోదానికి తెలుగు క్యాపులున్నాయి. దయచేసి స్పేస్‌బార్ మీద దరువులెయ్యకండి, మీ ఊరి పేరు కొట్టి చూడండి. అమ్మా, ముందు వరసలో మీరు, ఆ టీ గ్లాసు అక్కడే పెట్టి రండి.