కిటికీ అద్దముల పాత పొర

మా నాదెండ్లలో రోహిణికార్తె ఎండకు వెఱచి కొందఱు కిటికీ అద్దములకు నల్లని ఫిల్ము అంటించుకొనిరి. వాకిట వేపచెట్టుండిన దాని యవసరమే లేకపోయెడిది, అది వేఱుమాట. ఏండ్లు గడచిన కొలది ఎండకు రంగు చెడి ఊదా వన్నెకు దిరుగును. జిగురు సడలి పొక్కులు లేచును. అట్టి గదిలో పట్టపగలు సైతము పెద్దల కంటికి అక్షరము ఆనదు.

తొందరపడి కత్తితో బరుకరాదు. అద్దముపై ఎండ తగులు వేళ గోరువెచ్చని సబ్బునీళ్లు పొరపై చల్లి, ప్లాస్టిక్ పట్ట కప్పి, గంటసేపు ఉంచిన జిగురు మెత్తబడును. అంతట మూల పట్టి మెల్లగా లాగవలెను. మిగిలిన జిగురునకు మరల సబ్బునీళ్లే మందు. బ్లేడు తప్పనిచో తడి యద్దముపై ఏటవాలుగా, ఒకే దిక్కునకు నడుపవలెను.

అద్దము ముందే పగిలియున్నచో మాత్రము పొరను ముట్టరాదు. ముక్కలు రాలకుండ పట్టియుంచినది అదియే.