ఎర్ర అంచు



ఎఫ్ఎంఆర్ఐ గురించి చదివి పదేళ్లు పాఠాలు చెప్పాను. శిక్షణలో నన్నే యంత్రంలో పడుకోబెట్టారు. 30 సెకన్లు కుడిచేతి వేళ్లు ఆడించాలి, 30 సెకన్లు ఊరుకోవాలి. మెదడు ఎడమవైపు ఎర్రమచ్చ వచ్చింది. అది నాడుల పని తిన్నగా చూపే మచ్చ కాదు. ఐదారు సెకన్లు ఆలస్యంగా అక్కడికి చేరే ప్రాణవాయువున్న రక్తం జాడ. అంతవరకూ బాగానే ఉంది. కానీ మెదడు అంచు పొడవునా కూడా ఎరుపే! వేళ్లతోపాటు నా తల కాస్త కదిలిందట, అంతే. అలాంటి ఎర్ర అంచుల బొమ్మే చూపించి, “ఇదిగో మెదడు పనిచేస్తోంది” అని క్లాసులో చెప్పినవాణ్ని నేనే.

ఆ స్కాను పారేసి మళ్లీ పడుకున్నాను.

మాస్టారూ, పదో తరగతిలో లోలకం రీడింగులు పక్కవాడి రికార్డులోంచి ఎక్కించాను. ఇవాళ ఒప్పుకుంటున్నాను.