లాప్‌టాప్ చెడిపోయిందా, లినక్స్‌కి అర్థం కాలేదా? వైఫై, స్లీప్, మైక్ సమస్యలు

ఈ ఎపిసోడ్ లినక్స్ మీద ఆఫీస్ పని చేసుకునేవాళ్ల కోసం. ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని, దాని మీదే ఇంటి నుంచి పని చేస్తూ, "అన్నా, వైఫై పోతోంది, మైక్ రావట్లేదు, మళ్లీ విండోస్ వేసేయనా?" అని అడిగేవాళ్ల కోసం.

ఈ ప్రశ్న ఈమధ్య ఎందుకు ఎక్కువైందో మీకు తెలుసు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో దాదాపు 8వ జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. మన జహనుమా పిల్లలు ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్ సీటీసీలో బేరమాడి తెచ్చుకునేది 6, 7 జనరేషన్ మెషీన్లు. గట్టి మెషీన్లే, ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. వాటికి లినక్స్ మంచి దారి. కానీ వేసిన మొదటి వారంలో ఏదో ఒకటి మొరాయిస్తుంది, అక్కడే మనవాళ్లు భయపడిపోతారు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. లాప్‌టాప్ కంపెనీ ఇచ్చినదైతే, ఐటీ టీమ్‌ను అడగకుండా ముట్టుకోకండి. అందులో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, దూరం నుంచి కంట్రోల్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది మీ సొమ్ము కాదు. నేను చెప్పేదంతా సొంత లాప్‌టాప్ గురించే.

ఇప్పుడు అసలు కేసు. మా గల్లీలో ఒక తమ్ముడు ఇంటి నుంచి కస్టమర్ సపోర్ట్ చేస్తాడు, రాత్రి షిఫ్ట్. కాల్ మధ్యలో లైన్ తెగితే లెక్కలో పడుతుంది, అలా నాలుగైతే ఆ రోజు జీతంలో కోత. లినక్స్ వేసుకున్నాక ప్రతి పది, పదిహేను నిమిషాలకు వైఫై పోయి మళ్లీ వస్తోంది. రిపేర్ షాపుకు పోతే, కవర్ కూడా విప్పకుండా "కార్డు పోయింది, కొత్తది వేయాలి" అన్నారట. ఇంట్లో అమ్మ, "ఆ కొత్త సిస్టమ్ తీసిపారెయ్ బేటా" అంటోంది. ఎవరి మాట నిజం?

ఇలాంటప్పుడు దేన్నీ మార్చకుండా ముందు విడదీయాలి. మొదటి ప్రశ్న: తప్పు ఇంటర్నెట్‌దా, రౌటర్‌దా, లాప్‌టాప్‌దా? రెండు టెర్మినల్ కిటికీలు తెరవండి. ఒకదాంట్లో మీ రౌటర్ అడ్రస్‌కు పింగ్, రెండోదాంట్లో బయటి అడ్రస్ దేనికైనా పింగ్. లైన్ తెగినప్పుడు రౌటర్ జవాబిస్తూ, బయటిది మాత్రమే ఆగిపోతే, మీ లాప్‌టాప్ శుభ్రంగా ఉన్నట్టే, ప్రొవైడర్‌కు ఫోన్ చేయండి. మావాడికి రెండూ ఆగిపోయాయి. సరే, ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూశాం. అక్కడా తెగుతోంది. అంటే రౌటర్ కాదు, లాప్‌టాప్‌లోనే ఏదో ఉంది.

రెండో ప్రశ్న: కార్డు చచ్చిందా, లేక దాన్ని నడిపించేది సరిగా లేదా? ఇక్కడ మూడు అంతస్తులు ఉంటాయి అనుకోండి. కింద కార్డు. దాని మీద ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం. ఆ పైన డ్రైవర్, అది కెర్నెల్‌లో ఉంటుంది. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ ఇచ్చి, పక్కన హైఫన్ ఎన్ఎన్‌కే అని కొట్టండి. లిస్ట్‌లో మీ వైఫై కార్డు పేరే లేకపోతే, బయోస్‌లో ఆఫ్ అయి ఉండొచ్చు, స్లాట్‌లో కదిలి ఉండొచ్చు, లేదా నిజంగానే పోయి ఉండొచ్చు. పేరు ఉండి, కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే లైన్ లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు. ఆ లైన్ కూడా ఉంటే, డీమెసేజ్ కమాండ్ ఇచ్చి, అందులో ఫర్మ్‌వేర్ అనే మాట వెతకండి. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని ఉంటే, లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసుకోవాలి. (డెబియన్ వాడేవాళ్లకు: 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఈ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. అంతకుముందు దీనికోసం మనం వేరే పడరాని పాట్లు పడేవాళ్లం.)

వైఫై లేకుండా ప్యాకేజీ ఎలా దించాలి అంటారా? మీ చేతిలో ఫోన్ ఉంది కదా! డేటా కేబుల్‌తో లాప్‌టాప్‌కు పెట్టి, ఆండ్రాయిడ్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలావరకు ఏ డ్రైవర్ వేయకుండానే నెట్ వచ్చేస్తుంది. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ అయితే రాదు, అది చూసుకోండి.

మావాడి దాంట్లో కార్డు కనిపిస్తోంది, డ్రైవర్ ఎక్కింది, ఫర్మ్‌వేర్ ఎక్కింది. మూడూ బాగున్నాయి. అప్పుడు మిగిలింది సెట్టింగ్. ఉబుంటు లాంటి వాటిలో నెట్‌వర్క్ మేనేజర్, బ్యాటరీ మిగలడానికి వైఫై కార్డును మధ్య మధ్యలో కునుకు తీయమంటుంది. కొన్ని కార్డులు ఆ కునుకు నుంచి సరిగా లేవవు. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, అందులో కాన్ఫ్ డాట్ డీ. అక్కడ వైఫై పవర్‌సేవ్ పేరుతో ఒక ఫైల్ ఉంటుంది. అందులో 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. 3ని 2 చేశాం, రీస్టార్ట్ చేశాం. ఆ రాత్రి షిఫ్ట్ మొత్తం పింగ్ నడుస్తూనే ఉంచమన్నాను. ఒక్కసారీ తెగలేదు. కొత్త కార్డు కొనలేదు, విండోస్ కూడా వేయలేదు.

నిజంగానే కార్డు మార్చాల్సి వస్తే ఒక జాగ్రత్త. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు స్లాట్‌లో పనిచేస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం వాటికి సపోర్ట్ ఉన్న కొత్త ఇంటెల్ మెషీన్లలోనే. పాత 7వ జనరేషన్ దాంట్లో పెడితే పలకవు. పేరులో ఒక్క అంకె తేడా, డబ్బులు మొత్తం వృథా.

ఇక సెక్యూర్ బూట్. బయటి డ్రైవర్ ఏదైనా వేస్తే, ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చి "ఎన్‌రోల్ మాక్" అని అడుగుతుంది. చాలామంది భయపడి కంటిన్యూ కొట్టేస్తారు. అప్పుడు డ్రైవర్ ఉంటుంది కానీ కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. ఆ స్క్రీన్‌లో ఎన్‌రోల్ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వండి.

నా అభిప్రాయం అడిగితే, ఎక్కడో వీడియోలో చూసి కెర్నెల్‌లో లేని డ్రైవర్‌ను బయటి నుంచి తెచ్చి వేసుకోవడం ఆఖరి దారిగానే పెట్టుకోండి. ఇవాళ పనిచేస్తుంది, రేపు కెర్నెల్ అప్‌డేట్ వస్తే పొద్దున లాగిన్ టైముకు నెట్ ఉండదు. ఒకవేళ అలా జరిగితే, బూట్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"కు వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోండి. ఆ రోజు పని గడిచిపోతుంది, సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు. షిఫ్ట్ ఉన్న రోజు పొద్దున అప్‌డేట్ చేయకండి బాబూ.

స్లీప్ గురించి. మూత వేసి బ్యాగులో పెడతారు, తీసేసరికి వేడి, బ్యాటరీ సున్నా. సిస్ ఫోల్డర్‌లో పవర్, అందులో మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ అనే ఫైల్ చూడండి. ఎస్2ఐడిల్, డీప్ అని రెండూ ఉంటే, బ్రాకెట్‌లో ఉన్నదే ఇప్పుడు వాడుతున్నది. డీప్ అయితే మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆపేస్తుంది. రూట్‌గా ఆ ఫైల్‌లోకి డీప్ అని పంపి, రాత్రంతా పడుకోబెట్టి చూడండి. నచ్చకపోతే రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది. బాగుంటేనే శాశ్వతంగా మార్చుకోండి. డీప్ అసలు కనిపించకపోతే బయోస్ చూడండి. 2018 తర్వాతి కొన్ని థింక్‌ప్యాడ్‌లలో స్లీప్ స్టేట్ అని ఉంటుంది, దాన్ని లినక్స్ అని పెట్టాలి.

మైక్‌కు ముందు కీబోర్డ్ మీద మైక్ మ్యూట్ లైట్ చూడండి. నవ్వకండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత సౌండ్ సెట్టింగ్‌లో ఇన్‌పుట్ ఏది ఎంచుకుందో చూడండి. ఫోన్ ఇయర్‌ఫోన్ పెట్టినా లాప్‌టాప్ తన లోపలి మైక్‌నే పట్టుకుని కూర్చుంటుంది. కెమెరా నల్లగా వస్తే ముందు దాని మీది చిన్న మూత చూడండి.

కొనేటప్పుడే చేయాల్సింది ఒకటుంది. ఉబుంటు పెట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకుని షాపుకు పోండి. ఇన్‌స్టాల్ చేయకుండా దాన్నుంచే బూట్ చేసి వైఫై, మైక్, కెమెరా, స్లీప్ అన్నీ అక్కడే చూసుకోండి. యూపవర్ కమాండ్‌కు హైఫన్ డీ పెడితే బ్యాటరీ కెపాసిటీ శాతంలో చెబుతుంది. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో తప్పకుండా చూడండి, ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. షాపువాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టనివ్వం అంటే, పక్క షాపు ఉంది.

మీ సమస్య రాసి పంపేవాళ్లు మోడల్ పేరు, యూనేమ్ హైఫన్ ఆర్ ఇచ్చిన కెర్నెల్ నంబర్, ఎల్ఎస్‌పీసీఐలో ఆ పరికరం దగ్గరి మూడు, నాలుగు లైన్లు పంపండి. వంకరగా తీసిన స్క్రీన్ ఫోటో కాదు, అక్షరాలుగా కాపీ చేసి పంపండి. "వైఫై రావట్లేదు అన్నా" అని మాత్రమే రాస్తే నేనూ దువా చేయడం తప్ప ఏం చేయలేను. వచ్చే ఎపిసోడ్‌లో డాక్‌లు, రెండో మానిటర్ సంగతి చూద్దాం.