కబురు చెప్పేవాడి జాబితా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సెక్రటరీగారు ఫోన్ చేసి, "నువ్వు హైదరాబాదులో ఏం చేస్తావో ఇక్కడ ఎవరికీ తెలీదు. ఈసారన్నా అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు. మా అమ్మ కూడా అదే మాట అంటుంది. ఎవరడిగినా "సెల్‌ఫోన్ల పని" అని తప్పించుకుంటూ వచ్చాను. ఇవాళ నా పనిలో ఒక చిన్న ముక్క తీసుకుని, అందులో నేను చేసిన తప్పుతో సహా చెబుతాను.

మన శావల్యాపురం నుంచే మొదలుపెడతాను. సాగర్ కాలువలకు 1967లో నీళ్ళు వదిలారు. నేను ఈ బడికొచ్చేనాటికి నీళ్ళు కొత్తకాదు గానీ, మా పొలం కాలువ చివర కాబట్టి ఎప్పుడొస్తాయో మాత్రం తెలిసేది కాదు. రోజూ తూము దాకా పోయి చూసి రావడం ఒక పద్ధతి. లేదా లస్కరుకు చెప్పి రావాలి: "నీళ్ళొదిలితే కబురు చెప్పయ్యా" అని. ఆయన పేరు గుర్తుపెట్టుకుని, నీళ్ళొచ్చిన పూట సైకిలు మీద తిరిగి చెప్పేవాడు. చెప్పి వచ్చిన రైతు తన పని తాను చూసుకోవచ్చు. ఈ రెండో పద్ధతినే మా వృత్తిలో కాల్‌బ్యాక్ అంటాం.

ఇక ఫోను. ఆండ్రాయిడ్ ఫోనులో ఒక్కో యాప్ ఒక్కో ఇల్లు అనుకోండి. ప్రతి ఇంటికీ ఎత్తయిన ప్రహరీ. ఒకరి జ్ఞాపకంలోకి ఇంకొకరు తొంగి చూడటానికి లేదు. ఆ ఇంటిని మేం ప్రాసెస్ అంటాం. మీ బ్యాంకు యాప్ సంగతులు పిల్లల ఆటల యాప్‌కు తెలియకుండా కాపాడేది ఆ గోడే. అయితే గోడలు కట్టాక మాట దాటించేవాడు కావాలి గదా, వాడి పేరు బైండర్. ఫోను లోపలి కెర్నల్‌లో ఉంటాడు. దీని మూలం బి అనే కంపెనీలో పుట్టి, పామ్ కంపెనీకి వెళ్ళి, ఓపెన్‌బైండర్‌గా పేరు తెచ్చుకున్న పని. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది మొదలు ఇప్పటిదాకా యాప్‌ల మధ్య మాటలు చాలావరకు బైండర్ మీదుగానే నడుస్తున్నాయి. తెర మీద కనపడకుండా వెనక పనిచేసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని సర్వీసు అంటాం. మన లెక్కలో లస్కరు అదే.

కొన్నేళ్ళ క్రితం నేనూ మా జట్టూ ఒక ఆసుపత్రికి అలాంటి సర్వీసు రాశాం. నర్సుల బల్ల మీద ఒక టాబ్లెట్. రోగి మంచం దగ్గరి యంత్రాల అంకెలు మా సర్వీసుకు వస్తాయి. ఏదైనా హద్దు దాటితే మూడు యాప్‌లకు కబురు చెప్పాలి: రికార్డు రాసేది ఒకటి, మంచాలవారీగా చూపించేది ఒకటి, గంట మోగించేది ఒకటి. పరీక్షల్లో అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి.

ఒక రాత్రి ఒక పెద్దాయనకు ఆక్సిజన్ తగ్గింది. గంట మోగలేదు. మందులివ్వడానికి అటు వెళ్ళిన నర్సమ్మ మంచం పక్కన అంకె చూసి పరుగెత్తింది. తెల్లారేసరికి ఆయన కోలుకున్నాడు. లెక్క చూస్తే పదకొండు నిమిషాలు. ఆ నర్సమ్మ అటు వెళ్ళకపోయి ఉంటే? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడు లోపలికెళ్ళి చూస్తే జాబితాలో ముందున్నది రికార్డు యాప్. నెట్‌వర్కు పోయి, పై కంప్యూటరు జవాబు కోసం అది ఎదురుచూస్తోంది. మా సర్వీసు దాని గుమ్మంలో నిలబడి "విన్నావా?" అని అది ఎప్పుడు పలుకుతుందా అని చూస్తోంది. గంట యాప్ మూడో ఇల్లు. అక్కడిదాకా పోనేలేదు. పైగా మధ్యలో ఎవరూ పేర్లు మార్చకూడదని జాబితాకు తాళం వేసి మరీ బయల్దేరేట్టు రాశాను. అంటే ఆ పదకొండు నిమిషాలు కొత్తగా పేరు రాయించుకుందామని ఎవరొచ్చినా వాళ్ళూ ఆగాల్సిందే.

అంతటితో అయిపోలేదు. మూడు యాప్‌లకు ఆ జాబితాలో నలభైఒక్క పేర్లున్నాయి! తెర తెరిచినప్పుడల్లా యాప్ పేరు రాయించుకుంటుంది, మూసినప్పుడు కొట్టేయమంటుంది. మేం కొట్టేయడం లేదు. బైండర్ గోడ దాటించిన ప్రతిసారీ మనిషి అదే అయినా కొత్త కవరులో వస్తాడు. నేను కవరును కవరుతో పోల్చి "వీడెవడో మన జాబితాలో లేడే" అనుకునేట్టు రాశాను. రైతు ఒకసారి ఇంటిపేరుతో, ఇంకోసారి వాళ్ళ నాన్న పేరుతో చెబితే లస్కరు ఇద్దరనుకున్నట్టు. చూడాల్సింది కవరు లోపలి బైండర్‌ను, అది మారదు. గంట రెండుసార్లు మూడుసార్లు మోగుతోందని నర్సులు అంతకుముందే చెప్పారు. స్పీకరు లోపమన్నాం. చెప్పినవాళ్ళ మాట వినకుండా స్పీకరు మార్చి వచ్చాం, అదీ మా తెలివి.

ఆ నలభైఒక్కటిలో చనిపోయినవీ ఉన్నాయి. ఫోనులో చోటు చాలనప్పుడు ఆండ్రాయిడే యాప్‌లను ఆపేస్తుంది. అలా పోయిన ఇంటికి కబురు చెప్పబోతే వెంటనే ఎర్రర్ వస్తుంది. దాన్ని నేను మింగేసి ముందుకు పోయేట్టు రాశాను గానీ పేరు తీసేయలేదు. నిజానికి కెర్నల్‌ను ముందే అడిగి ఉంచుకుంటే, ఆ ఇల్లు పోగానే అదే వచ్చి చెబుతుంది. ఆ ఏర్పాటు పేరు కొంచెం భయంగా ఉంటుంది: లింక్‌టుడెత్.

ఈ సభకు మా బ్యాచ్ వాళ్ళకు ఫోన్లు చేసింది నేనే. ఒక నంబరు వాళ్ళబ్బాయి ఎత్తాడు. "నాన్న పోయి రెండేళ్ళయిందంకుల్" అన్నాడు. ఏడో తరగతి నుంచీ నా పక్కన కూర్చున్నవాడు. మన జాబితాలో పేరు అలాగే ఉంది.

ఫోనులో మాత్రం పోయినవాళ్ళతో పెద్ద బాధ లేదు, పోయారని తెలుస్తుంది. బతికుండి పలకనివాడితోనే ప్రమాదం. వాడి గురించి కెర్నల్ కూడా ఏమీ చెప్పదు. హాజరు పిలిచేటప్పుడు పలకనివాడి దగ్గర మా మాస్టారు ఆగేవారు కాదు, గీత గీసి తర్వాతి నంబరుకు పోయేవారు. ఆ పని నా ప్రోగ్రాం చేయలేకపోయింది.

తిరగరాశాం. రిమోట్‌కాల్‌బ్యాక్‌లిస్ట్ అని ఆండ్రాయిడ్‌లోనే ఇలాంటి జాబితా సిద్ధంగా ఉంది. కవరు కాక బైండర్‌ను చూసి గుర్తుపడుతుంది, పోయినవాళ్ళను తనే తీసేస్తుంది, కబురు చెప్పేటప్పుడు జాబితాకు నకలు తీసుకుని తిరుగుతుంది. చదవకుండా సొంతంగా రాసుకున్నది నేను! కబురును కూడా వన్‌వే చేశాం. అంటే పోస్టుడబ్బాలో వేసి వచ్చేయడం, గుమ్మంలో నిలబడటం లేదు. అయితే ఆ డబ్బాకూ హద్దుంది. ఒక్కో యాప్‌కు మొత్తం ఒక మెగాబైటు దాకా చోటు, అందులో వన్‌వే కబుర్లకు సగమే. పలకనివాడికి వేస్తూ పోతే నిండిపోతుంది. పైగా వేసినంత మాత్రాన అందినట్టు కాదు. అందుకని గంట యాప్ కొన్ని సెకన్లలో "అందింది" అని తిరిగి చెప్పాలని పెట్టాం. చెప్పకపోతే సర్వీసే స్వయంగా గంట కొడుతుంది. నాకు ఆ ఒక్క లైనే నిద్ర పట్టిస్తుంది.

ఈ మధ్య ఇంకో రకం వచ్చింది. బ్యాటరీ మిగల్చడానికి, వాడని యాప్‌లను ఆండ్రాయిడ్ చంపకుండా గడ్డకట్టిస్తోంది. అవి పోలేదు, వినవు కూడా. వాటికొచ్చిన కబుర్లు ఏం చేయాలో ఆండ్రాయిడ్ 16లో మనమే ఎంచుకోవచ్చు: పారేయడమా, చివరిది ఒక్కటే ఉంచడమా, అన్నీ దాచడమా. వారం ఊళ్ళో లేని రైతుకు ఏడు రోజుల కబుర్లూ వరసగా చెబితే ఏం లాభం, ఇవాళ నీళ్ళున్నాయో లేవో చెబితే చాలు. రోగి అంకెలకు చివరిది చాలు. కానీ ప్రమాద హెచ్చరికల్లో ఒక్కటి కూడా పారేయడానికి నేను ఒప్పుకోను. ఈ విషయంలో మా జట్టులో కుర్రాళ్ళకూ నాకూ ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

మైకు ఇవ్వమని సెక్రటరీగారు సైగ చేస్తున్నారు. పిల్లలూ, రెండు ఫోన్లూ లాప్‌టాప్ తెచ్చాను. భోజనాలయ్యాక మెట్ల పక్క గదిలో ఉంటాను. ఒక యాప్‌ను మీ చేత్తోనే ఆపి, జాబితాలోంచి దాని పేరు ఎలా పోతుందో చూద్దురుగాని. నేను రాసిన ఆ పాత తప్పుడు ప్రోగ్రాం కూడా తెచ్చాను. అది ఎక్కడ ఆగిపోతుందో మీరే పట్టుకోండి.